తరిమెనపై పళ్ళెరము

గీతలో పదునెనిమిదవ అధ్యాయము, 61వ శ్లోకమున, ఈశ్వరుడు సర్వభూతముల హృదయమున నిలిచి, యంత్రము నెక్కినవానినివలె వానిని త్రిప్పుచున్నాడని భగవానుడు సెలవిచ్చెను. దేహేంద్రియ రూపమైన ప్రకృతియే ఆ యంత్రమని భగవద్రామానుజులవారి వ్యాఖ్యానము. ఈ మాట విని కొందరు గృహస్థులు నిట్టూర్చుదురు: “త్రిప్పెడివాడు ఆయన, తిరుగువాడను నేను. ఇక నేను చేయగలిగిన దేమున్నది?” కష్టములచే అలసినవారి నోట ఇది మరింత తరచుగా వినవచ్చును. సోమరిమాట యని దీనిని త్రోసివేయరాదు.

యంత్రముపై తిరుగుట యనగా నేమో చూడదలచినవారు ఏటికొప్పాక వెళ్ళవచ్చును. అనకాపల్లి జిల్లాలో వరాహనదీతీరమున నున్న ఈ గ్రామపు లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. (నదికి స్వామి అవతారనామమే యుండుట మనకొక సంతోషము.) అచట వాడునది అంకుడు కొయ్య. అది తెల్లగా, మెత్తగా నుండి ఉలికి లొంగును. అయితే పచ్చికొయ్య పనికిరాదు. చెమ్మతోనే మలచినచో పళ్ళెరము ఆరునపుడు వంకరపోవును, బీటలు వారును.

బిళ్ళగా కోసిన కొయ్యను, దానిని గిరగిర త్రిప్పెడి తరిమెనకు బిగించునపుడు, కొయ్య నడిమిచోటు ఇరుసుతో సరిగా కలియవలెను. వెంట్రుకవాసి తప్పినను పళ్ళెరము ఊగును. ఉలి ఒకచోట లోతుగా దిగును, వేరొకచోట తాకనే తాకదు. కుదిరినదా, ఎంత వేగముగా తిరిగినను అంచు నిలిచియున్నట్లే కనబడును. పిమ్మట నునుపుచేసి, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న కొయ్యకు అదిమిపట్టుదురు. అప్పుడు నిప్పుతో పనిలేదు. ఒరిపిడివలన పుట్టిన వేడికే లక్క కరగి కొయ్యనంతటిని పట్టుకొనును. పసుపు, నీలి, జాఫ్రాగింజలవంటి వానినుండి తీసిన రంగులు అందు చేరును. చివర మొగలియాకుతో రుద్దగా మెరుగు వచ్చును. తిరుగుట ఆగినచో ఈ పూతయే లేదు.

అయితే పోలిక ఒకచోట చాలకున్నది. పనివాడు కొయ్యను ఏమియు అడుగడు. భగవానుడో, త్రిప్పుచున్నానని చెప్పిన మరుశ్లోకముననే, సర్వభావముతో శరణుజొచ్చుమని అర్జునుని కోరెను. అంతటితో నాగక, 63వ శ్లోకమున, చెప్పినదంతయు లెస్సగా విమర్శించి నీ ఇష్టము వచ్చినట్లు చేయుమనెను. లోకముల నెల్ల త్రిప్పెడి స్వామి, తిరుగుచున్న జీవుని ఇష్టము నడుగుట ఎంతటి సౌలభ్యము! జడమైన కొయ్యకు లేక, మనకున్నది ఆ సమ్మతి యొక్కటే. కాలుసేతులు ఆడక మంచము పట్టినవానికిని అది మిగిలియేయున్నది. “నీవు త్రిప్పుచున్నావు, నేను నీవాడను” అని అనుటయో, అనకుండుటయో వాని వశము. నిట్టూర్చిన గృహస్థునకు ఇదియే మా ప్రత్యుత్తరము.

ఇట్టి పళ్ళెరమును పూజకై కొన్నవారికి ఒక మాట. ఇందులో కర్పూరము వెలిగింపరాదు. ఒరిపిడి వేడికి అంటిన లక్క, మంట వేడికి కరగి చెడిపోవును. హారతికి ఇత్తడిపళ్ళెము ఉండనే యున్నది. తులసీదళములు, పూలు, అక్షతలు దీనిలో నుంచి స్వామి సన్నిధికి కొనిపోవచ్చును. పూలు తడిగా నున్నచో నీరు వడిచిన పిదప ఉంచి, అర్చన కాగానే పొడిగుడ్డతో తుడిచిపెట్టవలెను.