సంతకం పెట్టే ముందు నాతో మాట్లాడు

చిరంజీవి అమ్మాయికి,

అల్లుడికి వరంగల్ బదిలీ అయిందనీ, మనవడికి విజయవాడ బళ్లో కట్టిన ఫీజు తిరిగిచ్చేది లేదన్నారనీ ఫోన్లో ఒకటే బాధపడ్డావు. నీ కోపం న్యాయమైనదే. అయితే దాన్ని కౌంటర్లో కూర్చున్న పిల్ల మీద చూపించి లాభం లేదు. పాపం, ఆ పిల్ల చేతిలో ఏముంది?

ముందు రసీదు తియ్యి. అడ్మిషన్ ఫీజెంత, మొదటి టర్మ్ ఫీజెంత, బస్సుకీ పుస్తకాలకీ యూనిఫామ్‌కీ ఎంత, విడివిడిగా రాసుకో. అడ్మిషన్ ఫీజు దగ్గర వాళ్లు బిగుసుకుంటారు. ఎక్కని బస్సుకీ, అట్టయినా తెరవని పుస్తకాలకీ డబ్బు ఉంచేసుకుంటామని ప్రిన్సిపాల్ ముఖం మీద చెప్పడం మాత్రం కష్టం. మొత్తం ఇవ్వమంటే ఏమీ ఇవ్వమంటారు. పద్దు పద్దుగా అడుగు. అడుగున సన్నక్షరాల్లో 'చెల్లించిన ఫీజు తిరిగి ఇవ్వబడదు' అని ఉంటుంది, చూసి నీరుగారిపోకు. అది వాళ్లంతట వాళ్లు అచ్చేయించుకున్నదే.

జూన్‌లో బళ్లు తెరవకముందే వెళ్లు. ఇప్పుడైతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు కదా అని గట్టిగా అనగలవు. తరగతులు మొదలయ్యాక ఆ మాటకి బలం తగ్గుతుంది. దరఖాస్తుకి బదిలీ ఆర్డరు నకలు జతచేసి, రెండో కాపీ మీద ముద్రా తేదీ వేయించుకో. వెయ్యం అంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచు.

తెల్లకాగితం మీద రాసిచ్చి డొనేషన్ పేరుతో తీసుకున్నారన్నావే, ఆ కాగితం భద్రం. బడి ప్రకటించిన ఫీజు కాకుండా డొనేషన్ పుచ్చుకోవడం 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. తీసుకున్నదానికి పదిరెట్ల దాకా జరిమానా ఉంది. డీఈవో ఆఫీసుకి వెళ్లే మాట ఆ కాగితం చూపించి మెల్లగా అను, అరవక్కర్లేదు.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామన్నాడట అల్లుడు. బడి చదువు సేవ కిందికి రాదని కేసులు కొట్టేసిన తీర్పులున్నాయి. కోచింగ్ సెంటర్ల సంగతి వేరని 2020లో జాతీయ కమిషన్ చెప్పింది గానీ, మనది బడి. కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించడానికి ఖర్చేమీ లేదు, అది చెయ్యండి.

సగమో ముప్పాతికో ఇస్తామని దిగొస్తే పుచ్చుకో, అకౌంట్లో వెయ్యమను. 'పూర్తిగా ముట్టింది' అన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న