తిరిగిచ్చేశాక కూడా తప్పేనా?

లండన్ శివార్లలో నెలకు 1,200 పౌండ్ల అద్దెకు ఒక ఫ్లాటు ఉందనుకుందాం. ఇంగ్లండ్‌లో 2019 చట్టం ప్రకారం ఇలాంటి ఇంటికి ఐదు వారాల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. అంటే సుమారు 1,385 పౌండ్లు. ఏడాది తిరిగాక అద్దెదారు ఖాళీ చేశాడు. గోడకు మేకు కొట్టిన గుర్తు కూడా లేదు. ఓనరు మారుమాట లేకుండా మొత్తం సొమ్ము అతని ఖాతాలో వేశాడు. కొన్ని నెలలు గడిచాక ఓనరుకు కౌంటీ కోర్టు నుంచి కాగితం వచ్చింది. డిపాజిట్ అందిన 30 రోజుల్లోగా దాన్ని ప్రభుత్వం ఆమోదించిన పథకంలో పెట్టలేదు కాబట్టి, దానికి ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా అద్దెదారుకు చెల్లించాలన్నది అందులోని దావా. మూడు రెట్లంటే 4,150 పౌండ్ల పైమాటే.

ఓనరు మొత్తుకోవడంలో వింతేమీ లేదు. "పెన్నీతో సహా ఇచ్చేశాను కదా, ఇక నేనెవరి కొంప ముంచానని?"

ఇది లాయర్లతో తేలిపోయే ప్రశ్న కాదు. నమ్మి దాచుకోమని ఇచ్చిన సొమ్ము విషయంలో తప్పు ఎప్పుడు జరుగుతుంది? అడిగినప్పుడు ఇవ్వకపోతేనా, లేక ఇవ్వలేకపోయే పరిస్థితిలో దాన్ని ఉంచినప్పుడేనా? బ్రిటన్ పార్లమెంటుకు చాలా ముందే స్మృతికర్తలు, యూదు రబ్బీలు, గ్రీకులు, చివరికి జర్మన్ తత్వవేత్తలు కూడా దీని మీద తల బద్దలు కొట్టుకున్నారు.

ముందు చట్టం సంగతి. 2004 హౌసింగ్ చట్టంలోని డిపాజిట్ నిబంధనలు ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007 ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చాయి. డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ అని ఇంగ్లండ్‌లో ఇప్పుడు మూడు సంస్థలున్నాయి. ఓనరు సొమ్మును వాటికే అప్పగించవచ్చు, లేదా తన దగ్గరే ఉంచుకుని బీమా రుసుము కట్టవచ్చు. ఏ పథకంలో పెట్టాడో, తగువొస్తే ఏం చేయాలో అద్దెదారుకు రాతపూర్వకంగా చెప్పడం కూడా అదే గడువులో జరగాలి. సొమ్ము పథకంలో వేసి కాగితం ఇవ్వడం మరిచినా జరిమానా తప్పదు.

మొదట్లో న్యాయమూర్తులకు ఈ చట్టం మింగుడుపడలేదు. అప్పట్లో జరిమానా కచ్చితంగా మూడు రెట్లు, తగ్గించే వీలు లేదు. 2010లో అప్పీలు కోర్టు, విచారణ రోజు లోపు ఓనరు సొమ్మును పథకంలో పెట్టేస్తే జరిమానా ఉండదంది. మరుసటి ఏడాది, అద్దె ఒప్పందం ముగిసిపోయాక అసలు జరిమానాయే అడగకూడదంది. అంటే మన ఓనరు వాదనకే కోర్టు ఓటేసింది. సొమ్ము చేరింది కదా, కథ కంచికి. పార్లమెంటు ఒప్పుకోలేదు. 2011 లోకలిజం చట్టంతో ఆ రెండు దారులూ మూసేసింది. 2012 ఏప్రిల్ నుంచి ఆలస్యం అంటే ఆలస్యమే, ఇల్లు ఖాళీ చేశాక కూడా దావా వేయవచ్చు. దానికి ఆరేళ్ల గడువుంది. బదులుగా జరిమానాను ఒకటి నుంచి మూడు రెట్ల మధ్య ఎక్కడైనా నిర్ణయించే వెసులుబాటు జడ్జీలకిచ్చింది. ఆ అంకెను ప్రధానంగా నిర్ణయించాల్సింది ఓనరు దోషం ఎంతన్నదేనని 2014లో హైకోర్టు చెప్పింది. తెలియక చేసినవాడికి ఒక రెట్టు, తెలిసి చేసినవాడికి మూడు. మనసులో ఏముందో చూడాలన్నమాట.

మనసు ప్రసక్తి రాగానే గ్లాకస్ గుర్తుకురాక మానడు. గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ చెప్పిన కథ ఇది. స్పార్టాలో గ్లాకస్‌కు నిజాయితీపరుడని పేరు. మిలేటస్ నుంచి ఒక ఆసామి వచ్చి, తన ఆస్తిలో సగాన్ని వెండిగా మార్చి అతని దగ్గర దాచి, ఆనవాళ్లు ఇచ్చిపుచ్చుకుని వెళ్లాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఆసామి కొడుకులు ఆనవాళ్లతో వచ్చి సొమ్ము అడిగారు. గ్లాకస్ "నాకేమీ గుర్తు లేదే" అని నాలుగు నెలలు గడువు పెట్టి, నేరుగా డెల్ఫీ ఆలయానికి వెళ్లాడు. ఒట్టేసి ఆ సొమ్ము దిగమింగవచ్చా అని దేవుడినే అడిగాడు! పూజారిణి హెచ్చరిక విని గుండె జారి, క్షమించమన్నాడు. దేవుణ్ణి అలా పరీక్షించడమూ ఆ పని చేయడమూ ఒకటేనని జవాబొచ్చింది. గ్లాకస్ ఇంటికి వచ్చి సొమ్మంతా ఇచ్చేశాడు. అయినా స్పార్టాలో అతని వంశం మిగల్లేదంటాడు హెరడోటస్. పూర్తిగా తిరిగిచ్చాడు, అయినా శిక్ష పడింది. ఈ కథను స్పార్టా రాజు ఒకడు ఏథెన్స్‌వాళ్లకు చెప్పాడు, తమ దగ్గర ఉంచిన బందీలను వాళ్లు తిరిగి ఇవ్వడం లేదని. వాళ్లు వినలేదు. నీతికథలకు సాధారణంగా పట్టే గతి అదే.

గ్లాకస్‌ను శిక్షించింది దురుద్దేశానికి. మన ఓనరుకు దురుద్దేశం లేకపోవచ్చు, బద్ధకమే ఉండవచ్చు. యూదుల ధర్మగ్రంథం మిష్నా ఈ సందును బాగా తడిమింది. ఒకరు నీ దగ్గర ద్రాక్షసారా పీపా దాచారు. నువ్వు దాన్ని ఉన్నచోటే వంచి కొంచెం తీసుకున్నావు, తర్వాత పీపా పగిలింది. తీసుకున్నంతకే ఖరీదు కట్టు. అలా కాక, పీపాను ఎత్తి పట్టుకుని అదే కొంచెం తీసుకున్నావు, తర్వాత పగిలింది. మొత్తం పీపా ఖరీదు కట్టు. ఎత్తిన క్షణంలో అది నీ చేతిలోకి వచ్చేసింది, ఆపై ఏ ప్రమాదం జరిగినా నీదే భారం. రబ్బీల్లో షమ్మాయి వర్గంవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, వాడుకోవాలని తలచినా బాధ్యుడేనన్నారు. హిల్లెల్ వర్గంవాళ్లు కాదు, చేయి పడాలన్నారు.

డబ్బు గురించి కూడా అదే గ్రంథం ముచ్చటైన తేడా చూపిస్తుంది. విడి నాణేలు నాణేల మారకపు వ్యాపారి దగ్గర ఉంచితే అతను వాడుకోవచ్చు, కాబట్టి పోతే బాధ్యుడు. మామూలు గృహస్థు దగ్గర ఉంచితే మూటకట్టినా కట్టకపోయినా ముట్టుకోకూడదు. యూదుల మరో ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక పండితుడైతే డబ్బుకు భూమిలో తప్ప భద్రత లేదన్నాడు. డిపాజిట్ తీసుకునే ఇంటి ఓనరు గృహస్థుగా ఉంటూ మారకపు వ్యాపారిలా నడుచుకుంటాడు. ఆ సొమ్ము అతని జీతంతో, ఇంటి అప్పు వాయిదాతో, పిల్లల ఫీజుతో కలిసిపోతుంది. నెలాఖరున బ్యాంకులో 300 పౌండ్లే ఉంటే అద్దెదారు 1,385 ఎక్కడున్నట్టు? ఓనరు మాటలో ఉన్నట్టు, అంతే. ఆ ఏడాది ఓనరు దివాలా తీయలేదు, ఉద్యోగం పోలేదు, అద్దెదారు అదృష్టం. ఆ అదృష్టాన్ని ఓనరు తన మంచితనంగా లెక్క రాసుకుంటున్నాడు. నిజానికి అతను చేసింది అడగకుండా అద్దెదారు దగ్గర వడ్డీలేని, హామీలేని అప్పు తీసుకోవడం. తీర్చినంత మాత్రాన ఆ అప్పు తీసుకోనట్టు కాదు.

మన స్మృతులూ ఈ మాటే అంటాయి. మనుస్మృతి లెక్కపెట్టిన పద్దెనిమిది వివాద పదాల్లో అప్పు తర్వాత రెండోదే నిక్షేపం, అంటే నమ్మి దాచిన సొమ్ము. దొంగలెత్తుకుపోయినా, నీళ్లలో కొట్టుకుపోయినా, కాలిపోయినా దాన్ని తన దగ్గర ఉంచుకున్నవాడికి బాధ్యత లేదు, అతను అందులోంచి ఏమీ తీసుకోకుండా ఉంటేనే. యాజ్ఞవల్క్యుడు, తన ఇష్టానికి దాన్ని వాడుకున్నవాడిని దండించి, వడ్డీతో సహా ఇప్పించమన్నాడు. యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కాబట్టి, ఈ వ్యవహారం తెలుగువాళ్లకు కొత్తదేం కాదు.

సాక్షి లేని చోట మనువు చెప్పిన ఉపాయం మరీ గమ్మత్తు. తన దగ్గర ఎవరూ సొమ్ము దాచలేదని బొంకుతున్నవాడి దగ్గరకు న్యాయాధికారి తన గూఢచారులను పెద్దమనుషుల వేషంలో పంపి, ఏదో సాకు చెప్పి బంగారం దాయించాలి. తర్వాత అడిగించాలి. ఉన్నదున్నట్టు ఇచ్చాడా, పాత ఫిర్యాదు అబద్ధం. ఎగ్గొట్టాడా, రెండూ కక్కించాలి. ఇప్పటి మాటలో స్టింగ్ ఆపరేషన్. ఇంగ్లండ్ చట్టం ఇంత శ్రమ పడదు. సొమ్ము ఉందా లేదా అన్నది ఓనరు మనసులోనూ పెట్టెలోనూ కాక, ఎవరైనా చూడగల మూడోచోట ఉండాలంటుంది. తన డిపాజిట్ పథకంలో ఉందో లేదో అద్దెదారు ఆ మూడు సంస్థల సైట్లలో నిమిషాల్లో వెతుక్కోవచ్చు. గోడ మరక కోసం ఎంత కోయాలన్న తగువొస్తే పథకమే ఉచితంగా తీర్పు చెబుతుంది, కోత న్యాయమని రుజువు చేయాల్సింది ఓనరే.

జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా డిపాజిట్‌నే ఉదాహరణగా పట్టుకున్నాడు. దాచినవాడు పోయాడు, రుజువు లేదు, వారసులకు తెలియదు. ఉంచేసుకోవచ్చా? అందరూ అలా చేస్తే లోకంలో డిపాజిట్ అన్నదే ఉండదు కాబట్టి కూడదన్నాడు. హెగెల్ చురక వేశాడు: ఉండకపోతే పోనీ, అందులో వైరుధ్యమేముంది? హెగెల్ అడిగిన లోకం ఇప్పుడు ఇంగ్లండ్‌లో కొంత వచ్చింది కూడా. కొన్ని కంపెనీలు డిపాజిట్‌కు బదులు సుమారు వారం అద్దెను రుసుముగా తీసుకుని ఓనరుకు హామీ ఇస్తాయి. ఆ రుసుము తిరిగి రాదు, నష్టం జరిగితే అద్దెదారు మళ్లీ కట్టాలి కూడా. నమ్మకం అవసరం లేని ఏర్పాటు పేదవాడికి ఎక్కువ ఖరీదు పడుతోందనిపిస్తుంది.

ఇక ఓనర్ల ప్రశ్నలో గట్టిది ఒకటుంది. నష్టపోని అద్దెదారుకు మూడు రెట్లు ఎందుకు దక్కాలి? స్మృతుల్లో దండుగ రాజుకు, వడ్డీ సొంతదారుకు. ఇక్కడ మొత్తం అద్దెదారుకే. కొందరు ఇల్లు ఖాళీ చేశాక దీన్ని లాటరీ టికెట్టులా వాడుకుంటారన్నదీ కొట్టిపారేయలేం. కానీ ఇంటింటికీ తిరిగి పథకం కాగితం తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు. అద్దెదారే తనిఖీదారు. అతనికి ఏమీ మిగలకపోతే కోర్టు ఫీజు కట్టి ఎవరెళ్తారు? స్కాట్లండ్ ఇంకో దారి పట్టింది. అక్కడ సొమ్ము ఓనరు దగ్గర ఉంచే వీల్లేదు, పథకానికే అప్పగించాలి. జరిమానా మూడు రెట్ల దాకా, కనీసమంటూ లేదు, దావా మాత్రం ఒప్పందం ముగిసిన మూడు నెలల్లోగా వేయాలి. గృహస్థు నాణేలు ముట్టకూడదన్న రబ్బీల మాటకు స్కాట్లండ్ పద్ధతే దగ్గర.

జరిమానా ఒక్కటే కాదు. డిపాజిట్ భద్రపరచని ఓనరు కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు ఇవ్వలేకపోయేవాడు. 2025 చట్టం ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి ఆ నోటీసునే ఎత్తేసింది. కొత్త పద్ధతిలోనూ సొమ్ము భద్రంగా లేకపోతే, అద్దెదారు దుష్ప్రవర్తనలాంటి కొన్ని కారణాలకు తప్ప, ఇల్లు అప్పగించమని కోర్టు ఉత్తర్వివ్వదు. భారతదేశంలో 2021 నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేయమందే కానీ, ఆ సొమ్ము ఎక్కడుండాలో చెప్పలేదు.

ఇంగ్లండ్ చట్టానికీ ఒక పెద్ద చిల్లు ఉంది. మాస్టర్స్ చదవడానికి వెళ్లిన తెలుగు విద్యార్థి ఎవరి ఇంట్లోనైనా ఒక గది తీసుకుని, ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటూ వంటగది పంచుకుంటుంటే, అతను చట్టం దృష్టిలో లాడ్జరు. 30 రోజుల నియమం, మూడు రెట్ల జరిమానా అతనికి వర్తించవు. ఓనరు ఎగ్గొడితే ఒప్పందం చూపించి చిన్న దావాల కోర్టులో తన సొమ్ము వరకే అడగగలడు. అందుకు డబ్బు బ్యాంకు ద్వారా పంపి ఉండాలి, గది ఫొటోలు మొదటి రోజే తీసి ఉండాలి. ఊరివాళ్లే కదా, అన్నయ్యే కదా అని నోట్లు చేతిలో పెట్టినవాడి దగ్గర మాత్రం గ్లాకస్‌ను అడగడానికి వచ్చిన కుర్రాళ్ల పాటి ఆనవాలు కూడా ఉండదు.