ఏకాంతమా, ఒంటరితనమా? దయానిధి దుఃఖంలోని నైతిక ప్రశ్న

బుచ్చిబాబుగా ప్రసిద్ధుడైన శివరాజు వెంకట సుబ్బారావు (1916–1967) తన ఏకైక నవల ‘చివరకు మిగిలేది’కి మొదట అనుకున్న పేరు ‘ఏకాంతం’. ఏకాంతం మనిషి తనకై తాను కోరుకునే స్థితి. ఒంటరితనం ఇతరులు అతనికి విధించే స్థితి. కథానాయకుడు దయానిధిది ఏది? ఈ ప్రశ్నను విమర్శకులు ఎక్కువగా మనోవిశ్లేషణ, అస్తిత్వవాదాల వెలుగులో చర్చించారు. అయితే దీనికి నైతికమైన పార్శ్వం కూడా ఉంది. ఒకరి ఒంటరితనానికి బాధ్యులెవరన్నదే ఆ పార్శ్వం.

యౌవనారంభం నుంచీ దయానిధిని వెంటాడేది తల్లి శీలాన్ని గురించి లోకం చెప్పుకునే మాట. దానిని అతడు నమ్మలేడు, ఖండించనూ లేడు. తెలుగు సమాజంలో మరణదుఃఖం ఒక్కరిది కాదు. నలుగురూ చావింటికి వస్తారు, పోయినవారి మంచిని తలచుకుంటారు, ఏడ్చేవారి పక్కన కూర్చుంటారు. పరామర్శ అంటే దుఃఖానికి సాక్ష్యం పలకడమే. నింద మోసిన స్త్రీ విషయంలో ఆ సాక్ష్యం కరువవుతుంది. ఆమె కోసం ఏడవాలంటే కొడుకు ముందుగా ఆమె తరఫున వాదించవలసి వస్తుంది. వాదనగా మారిన దుఃఖం తీరదు, లోలోపల గడ్డకడుతుంది. దయానిధి నిస్పృహకు మూలాన్ని అతని మనస్తత్వంలోనే కాక, అతనికి దక్కని ఈ పరామర్శలో కూడా వెదకాలి.

నవల ఉత్తరభాగంలో అతడు వైద్యుడిగా రాయలసీమకు చేరుతాడు. బుచ్చిబాబు కొంతకాలం అనంతపురంలో ఆంగ్లోపన్యాసకుడిగా పనిచేశాడు గనుక ఈ నేల అతనికి పరిచితం. కథలో దయానిధికి దొరికే వజ్రం కూడా కేవలం ఊహ కాదు. అనంతపురం జిల్లా వజ్రకరూరు పరిసరాల్లో తొలకరి జల్లుల తరువాత జనం పొలాల్లో వజ్రాల కోసం వెదకడం నేటికీ ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టప్రాంతంలో కరువు అందరి దుఃఖం. ఊరంతా ఒకే ఆకాశం వైపు చూస్తుంది. వాన రానందుకు ఎవరూ ఎవరి శీలాన్నీ ప్రశ్నించరు. పంచుకోగల లేమి నడుమ పంచుకోలేని లేమిని మోసుకువచ్చినవాడు దయానిధి. స్థలం మారితే అతనికి వృత్తి కుదిరింది, సంపద కలిగింది, ఆసుపత్రి కట్టే శక్తి వచ్చింది. తల్లిని గురించి మనసు విప్పి చెప్పుకోగల మనిషిని మాత్రం ఆ వజ్రం కొనిపెట్టలేదు.

దయానిధిని కేవలం బాధితుడిగా చూడడం కూడా న్యాయం కాదు. అతనికి సాన్నిహిత్యం దొరికేది వివాహిత అయిన అమృతం వద్ద. ఆ సంబంధం ఫలితంగా ఒక బిడ్డ పుడుతుంది. తన తల్లిని కాల్చిన మాటే రేపు అమృతాన్నీ, ఆ బిడ్డనూ చేరవచ్చు. నిందవల్ల గాయపడినవాడే మరొకరిని నిందకు ఎదురుగా నిలబెట్టాడు. గాయం మనిషికి కరుణను నేర్పవచ్చు, నేర్పకపోవచ్చు. బాధపడినంత మాత్రాన ఎవరూ బాధ్యత నుంచి విముక్తులు కారు. అయితే తప్పును ఇక్కడితో ముగిస్తే అది దయానిధిది మాత్రమే అవుతుంది. ఒక స్త్రీ సాన్నిహిత్యాన్ని రెండు తరాలకు చాలినంత నిందగా మార్చగల లోకం దాని వెనుకే ఉంది.

నవల చివరకు దయానిధి తనతో తాను సమాధానపడతాడు. దీనిని విజయంగా భావించే పాఠకులున్నారు. అది అతని వరకు నిజం. ఒంటరితనాన్ని ఏకాంతంగా మార్చుకోవడం గొప్ప మానసిక సాధనే. కాని బాధితుడి సాధనను మెచ్చుకుంటూ బాధపెట్టినవారిని మరచిపోతే విమర్శ కూడా లోకం పక్షాన చేరుతుంది. సమాధానపడినది అతడొక్కడే, లోకం కాదు. యువపాత్రల నిస్పృహను చదివేటప్పుడు అతని మనసులో ఏం జరిగిందని అడగడంతో పాటు, అతని ఇంటికి పరామర్శకు ఎవరు రాలేదని కూడా విమర్శ అడగాలి. మొదటి ప్రశ్నకు జవాబు పాత్ర చెబుతుంది. రెండవదానికి జవాబు చెప్పవలసినది సమాజం.