పరుగెత్తువానికి విశ్రాంతిదినమేల?



పరిగి చుట్టుపట్ల గ్రామములలో తెల్లవారుజామున బాటల వెంట పరుగెత్తు యౌవనస్థులను మనమందరము చూచుచున్నాము. వారిది వినోదము కాదు. తెలంగాణలో పోలీసు కానిస్టేబులు ఉద్యోగములకు 2022లో వెలువడిన ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకండ్లలోను ముగింపవలసియుండెను. ఒక్క సెకండు ఆలస్యమైనను ఆ పర్యాయమునకు ఆశ పోయినట్లే. తండ్రి అప్పు, చెల్లెలి పెండ్లి ఆ సెకండు మీద ఆధారపడిన ఇండ్లు మన సంఘములలో కలవు. కావున ఆదివారము ఆరాధన మాని పరుగెత్తెదమని, ఒక దినము ఆగిన వెనుకబడుదుమని వారనునప్పుడు, కోపపడుటకు ముందు ఆ మాట నిజమా అని విచారించుట న్యాయము.

వేగము పెరుగు విధము వింతయైనది. పరుగెత్తునప్పుడు కాలి కండరములు బలపడవు, నలుగును. నిద్రలోను విశ్రాంతిలోను దేహము వాటిని బాగుచేసి మునుపటికంటె గట్టిగా కట్టును. అందుచేతనే తెలిసిన శిక్షకులు వారములో ఎక్కువ దినములు మాటలాడుచు పరుగెత్తగలిగినంత నెమ్మదిగా పరుగెత్తించి, ఒకటి రెండు దినములు మాత్రమే వడి పెంచుదురు. ఆ దినములలోను 400 మీటర్లు వడిగా పోయి, కొంత నడిచి, మరల పోవుట పద్ధతి. 7 నిమిషముల 15 సెకండ్లనగా 400 మీటర్ల చుట్టు ఒక్కొక్కటి సుమారు 1 నిమిషము 48 సెకండ్లు. మొదటి చుట్టు ఒకటిన్నర నిమిషములో ముగించి మురిసినవాడు మూడవ చుట్టులో రొప్పుచు నడుచును.

మన కంది చేను చూడుడి. విత్తిన నెల దాటినను మొక్క పైకి పెద్దగా ఎదిగినట్లు కనబడదు. వేరు లోతునకు దిగుచుండును. రైతు దానిని తల పట్టి లాగడు. అదే రైతు తన కుమారుని మాత్రము లాగుచున్నాడు. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ల ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టగా పదిమందికి పైగా యువకులు మరణించిరి. బలమునకని ఎవరైన ఇచ్చు మాత్రలను, సూదులను మన పిల్లలు దగ్గరకు రానీయరాదు.

ఇంత చెప్పిన తరువాత, ఆదివారము ఆగినయెడల వేగము పెరుగునని బోధించుట సులభము. మాకది ఇష్టము లేదు. దేహమునకు బుధవారపు విశ్రాంతియైనను ఒక్కటే. వేగము కొరకు విశ్రాంతిదినము నాచరించువాడు దేవునితో బేరము చేయుచున్నాడు. సెకండ్లు తగ్గనియెడల ఆయనమీద సణుగును. నిర్గమకాండము 20వ అధ్యాయమందలి ఆజ్ఞ దాసునికిని పశువునకును సహా విశ్రాంతి నిచ్చినది. వారు ఏ పందెమును గెలువబోవువారు కారు. ఒక్క సెకండులో తప్పినవాడును, ఉద్యోగము దొరికినవాడును ఒకే బల్లమీద కూర్చుండుటకు వారములో ఒక దినము కావలెను గదా.

ఎరిక్ లిడెల్‌ను గూర్చి ప్రసంగములలో తరచుగా విందుము. 1924లో పారిస్ ఒలింపిక్ పందెములలో 100 మీటర్ల తొలి పరుగు ఆదివారమున పడుటచేత ఆయన దానిని విడిచెను. 400 మీటర్లు 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకము పొందెను. విడిచినందుకు కూలి ముట్టెనని కొందరందురు. మరి ఆయన చైనాలో మిషనెరీయై, 1945లో జపానీయుల నిర్బంధ శిబిరములో 43 ఏండ్లకే మృతినొందెను. అది దేనికి కూలి? ఆ శిబిరములో పిల్లలు ఒక ఆదివారము ఆటలో కొట్లాటకు దిగగా, తరువాతి ఆదివారము ఆయనే వచ్చి తీర్పరిగా నిలిచెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. తన పతకము కొరకు విడువని ఆచారమును ఆ పిల్లల కొరకు విడిచెను.

కనుక ఆదివారము తెల్లవారగట్ల పరుగెత్తి, చెమట ఆరకముందే మందిరములో వెనుక వరుసను కూర్చుండు పిల్లవానిని సంఘపెద్దలు గద్దింపవద్దని మా మనవి. ఒంటరిగా బాటమీద పరుగెత్తుటకు జంకు ఆడపిల్లలకు తోడుగా, స్త్రీల సమాజమువారు ఇద్దరు ముగ్గురు వేకువను బాట చివర నిలువగలరేమో ఈ నెల కూటములో ఆలోచింపవలెను.