చూడ్డానికి బాగుండే పొలం

అమ్మానాన్నల్ని ఏప్రిల్‌లో ఇటలీ తీసుకెళ్దామని ఎక్సెల్ షీట్ వేశాను. ముందు చింక్వె తెర్రె, అంటే సముద్రపు ఒడ్డున ఐదు ఊళ్లు. తర్వాత టస్కనీ పల్లెలు. ప్రత్తిపాడు దగ్గర మా ఊరెళ్లి నాన్నకి ఫోటోలు చూపించాను. కొండవాలు మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి.

నాన్న ఫోన్ దగ్గరగా పెట్టుకుని, "ఇంత ఏటవాలులో కాయ కిందికెట్టా దించుతార్రా? కూలోళ్లు దొరుకుతున్నారా?" అన్నాడు.

చదివి చూశాను. పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లిపోయి చాలా మెట్లు బీడుపడ్డాయట. చూసేవాళ్లు లేక గోడలు కూలుతున్నాయట.

అదే ఫోటోలో నాకు అందం కనబడింది, ఆయనకి పని కనబడింది. మా కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయల్ని నేనెప్పుడూ ఫోటో తీయలేదు. ఆ ఘాటుకి దగ్గుతూ అమ్మ తాలుకాయలు ఏరడం తెలుసు కాబట్టి. మరి తెలియని చాకిరీ అయితే దృశ్యమైపోతుందా? చూడటం తప్పని అనను. తెలిశాక కూడా అందంగానే ఉంటే, అప్పుడది నిజంగా చూడటం.

"కాయ అమ్మినాక పోదాంలే," అన్నాడు నాన్న. ఏప్రిల్ కొట్టేసి మే చివర అని రాశాను.

ఆయన తర్వాత మా పొలం కౌలుకే వెళ్తుంది. అది ఇద్దరికీ తెలుసు. ఆ కూలిన గోడల ముందు ఆయన పక్కన నిలబడి ఏ మొహంతో ఫోటో దిగను?