గుర్రప్పందేలు: ధర్మవిచారం
ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతమనీ, ప్రాణులపై పందెం కాసేది సమాహ్వయమనీ మనుస్మృతి విడదీసి, రెండింటినీ రాజు నిషేధించాలంటుంది. అర్థశాస్త్రం మాత్రం జూదానికి అధ్యక్షుణ్ణి పెట్టి, గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు వసూలు చేయమంటుంది.

భారతదేశం రెండో దారి పట్టింది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందేలను నైపుణ్యక్రీడగా తేల్చింది. హైదరాబాద్ మలక్‌పేటలోనైనా, ముంబై మహాలక్ష్మిలోనైనా పందేలు నడిపేదీ, పందెం సొమ్ములో వాటా తీసుకునేదీ అక్కడి రేసు క్లబ్బే. జాకీ కావాలని కళ్ళెం బిగపట్టాడా, కొరడా అతిగా ఝళిపించాడా అని విచారించే స్టివార్డులూ ఆ క్లబ్బు తరఫువారే. లాభం పొందేవాడే తీర్పరి అయితే న్యాయం మీద నమ్మకం నిలవదు.

పందెగాడు ఇష్టపడి నష్టపోతాడు. గుర్రానికి ఆ ఎంపిక లేదు. అందుకే అహింసాధర్మం కనీసం రెండు కోరుతుంది: క్లబ్బుతో సంబంధం లేని పర్యవేక్షణ, పరుగు మానిన గుర్రాల పోషణకు పందెం సొమ్ములోనే వాటా.