కాలదానము

అన్నదానము, విద్యాదానము మన మెరిగినవే. కాలమును దానము చేయవచ్చునా?

అమెరికాలో కొన్ని నగరముల పోలీసు ఉద్యోగులు తాము ఆర్జించిన సెలవు గంటలలో కొన్నింటిని తమ సంఘము పేరిట నున్న ఉమ్మడి ఖాతాకు ధారపోయుదురు. సంఘ ప్రతినిధి ఆ గంటలను వాడుకొని, తన జీతము కోల్పోకుండ, జీతభత్యముల చర్చలకును, శాఖాపరమైన విచారణల నెదుర్కొను సహోద్యోగులకు తోడ్పడుటకును వెళ్ళును.

సంఘము వలన దాతకును లాభమే కదా! ఇది దానమా, బేరమా? ప్రత్యుపకారమును కోరక, దేశకాలపాత్రముల నెరిగి యిచ్చునదే సాత్త్విక దానమని గీత 17వ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. రేపు నన్ను కాపాడుదురని యిచ్చినది బేరము. ఒక్క గంటయు ఈయని తోటివాని ఆపదకు సైతము అక్కరకు రావలెనని యిచ్చినది దానము.

గ్రహీత బాధ్యత మరింత గొప్పది. ఆ గంటలు దాత యొక్కనివే కావు. అతని రాకకై యెదురుచూచు ఆలుబిడ్డలవి కూడ. వానిలో ఒక్కదానిని స్వంత పనికి వాడుకొనుట హుండీ కానుకను అపహరించుట వంటిది.

శ్రీవైష్ణవులకు దినమంతయు పంచకాలములుగ భగవదారాధనమే. కాలము ఆయన సొత్తు. ఆ సొత్తును ఆయన బిడ్డల మేలునకై నిరపేక్షముగ వెచ్చించుటయు కైంకర్యమే యగును.